77 ఏళ్ల అత్తయ్యగారికి మామోగ్రామ్ మాన్పించాలా?

డాలస్‌లో మీతో ఉంటున్న అత్తయ్యగారికి 77 ఏళ్లని, ఇక మామోగ్రామ్ (రొమ్ము క్యాన్సర్‌ను ముందే పట్టుకోవడానికి తీసే ఎక్స్‌రే) అక్కర్లేదని డాక్టర్ అన్నాక "ముసలిదాన్నని వదిలేశారు" అంటున్నారని రాశారు. ఎలా నచ్చజెప్పాలని అడిగారు. నచ్చజెప్పకండి, ముందు ఆవిడ మాట వినండి.

మా అమ్మకు 76 ఉన్నప్పుడు న్యూజెర్సీలో ఇదే జరిగింది. డాక్టర్ ఇంగ్లీషులో చెప్పింది నేనే తెలుగు చేశాను. తొందరలో "నీ ఆయుష్షును బట్టి ఇక వద్దంటున్నారమ్మా" అనేశాను. ఆ రాత్రి అమ్మ అన్నం ముట్టలేదు. ఆ మాట నా నోటి నుంచి వచ్చిందే అని ఇప్పటికీ బాధే. అమ్మ చిన్నప్పుడు తెనాలిలో పక్కింటి పిన్నిగారు సిగ్గుపడి రొమ్ములో గడ్డను దాచుకుని చనిపోయారు. అందుకే ఏటా రిపోర్ట్ నార్మల్ అని వస్తే గానీ అమ్మకు నిద్రపట్టేది కాదు.

ఆ ఏడు పట్టుబట్టి చేయించుకుంది. ఏదో మచ్చ కనిపించిందని మళ్లీ పిలిచారు, చిన్న ముక్క తీసి పరీక్షించే బయాప్సీ చేశారు. రక్తం పలచబడే మందు కొన్ని రోజులు ఆపాల్సి వచ్చింది. గుండె జబ్బు మనిషి కదా, మా టెన్షన్ అంతా ఇంతా కాదు. చివరికి ఏమీ లేదన్నారు.

తర్వాత నెమ్మదిగా మాట్లాడుకున్నాం. ఈ పరీక్ష వల్ల ప్రాణం నిలిచే మేలు కనబడటానికి సుమారు 10 ఏళ్లు పడుతుంది. ఈలోగా, బతికినంత కాలం ఇబ్బంది పెట్టని క్యాన్సర్ కూడా బయటపడి, ఆపరేషన్ దాకా పోవచ్చు. "దొరికినా నేను కోయించుకోను, ఇంకెందుకే?" అని అమ్మే తేల్చేసింది.

మా స్నేహితురాలి అత్తగారు 80 ఏళ్లకూ చేయించుకుంటున్నారు. ఆవిడకు షుగర్ లేదు, రోజూ నడుస్తారు. అదీ సబబే అంటాను. అమెరికా నిపుణుల బృందం 2024లో 40 నుంచి 74 ఏళ్ల వరకు రెండేళ్లకోసారి చేయించుకోమంది. 75 దాటాక వద్దనలేదు, తేల్చి చెప్పడానికి ఆధారాలు చాలవంది. పెద్దవాళ్లకుండే ప్రభుత్వ ఆరోగ్య బీమా మెడికేర్ కూడా వయసు చూసి ఈ పరీక్షకు డబ్బు ఆపదు.

ఒక్కటి మాత్రం మరువకండి. గడ్డ తగిలినా, చర్మం లోపలికి లాగినట్టున్నా, చనుమొన నుంచి రక్తం వచ్చినా ఏ వయసులోనైనా వెంటనే చూపించాలి. ఈ జబ్బు ముప్పు వయసుతో పెరుగుతుంది. పరీక్షలు మానేసినా అమ్మ స్నానం చేసేటప్పుడు గమనించుకుంటూనే ఉంటుంది.

ఈసారి వెళ్లేటప్పుడు తెలుగు దుబాసీ కావాలని ముందే అడగండి. ఖర్చు ఉండదు. మీరు పక్కన కూర్చోండి, ఆవిడనే మాట్లాడనివ్వండి.