టస్కనీ కొండల్లో సైకిల్ తొక్కాలనుంది.. అప్పు చేయనా?

ప్రశ్న: నా వయసు 43. హైదరాబాద్‌లో ఐటీ ఉద్యోగం. నెలకు చేతికి రూ.1.40 లక్షలు వస్తాయి. ఇంటి రుణం ఈఎంఐ రూ.48 వేలు. కొన్నేళ్లుగా సైకిల్ తొక్కుతున్నాను. వారాంతాల్లో ఓఆర్ఆర్ పక్కనున్న సోలార్ ట్రాక్, వీలైనప్పుడు అనంతగిరి. ఇటలీలోని టస్కనీ కొండల్లో 8 రోజులు సైకిల్ తొక్కాలన్నది నా కోరిక. టూర్ ఆపరేటరు రూ.4.50 లక్షల ప్యాకేజీ చెప్పారు. విమానం, వీసా వేరు. వాటికి బోనస్ సరిపోతుంది. దీంతో పాటు రూ.3 లక్షల కార్బన్ సైకిల్ కొనాలనుకుంటున్నాను. మొత్తం రూ.7.50 లక్షలకు 13 శాతం వడ్డీతో నాలుగేళ్ల పర్సనల్ లోన్ ఇస్తామంటున్నారు. అది తీసుకోనా? లేక పదో తరగతి చదువుతున్న మా అమ్మాయి కోసం దాచిన ఈక్విటీ ఫండ్ నుంచి తీయనా? ఎఫ్‌డీలో మరో రూ.3 లక్షలున్నాయి. - ఓ పాఠకుడు, హైదరాబాద్

జవాబు: తప్పకుండా వెళ్లండి. రిటైరయ్యాక చూసుకుందాంలే అని పక్కన పెట్టే ప్రయాణం కాదిది. కొండలెక్కే మోకాళ్లు 43లో ఉన్నట్టు 63లో ఉండవు. అయితే మీరడిగిన రెండు దారుల్లో ఏదీ వద్దు. మూడో దారి ఉంది. దానికి కావలసిన డబ్బు మీ నెల జీతంలోనే ఉంది.

ముందు లోన్ సంగతి. రూ.7.50 లక్షలకు 13 శాతం చొప్పున 48 నెలలంటే ఈఎంఐ దాదాపు రూ.20,100. వడ్డీయే రూ.2.15 లక్షలు దాటుతుంది. ఎనిమిది రోజుల ప్రయాణానికి నాలుగేళ్ల కిస్తీలు! ఆ నాలుగేళ్లలోనే మీ అమ్మాయి ఇంటర్ పూర్తిచేసి ఇంజినీరింగో మరొకటో చేరుతుంది. ఫీజుల కోసం మీరు తడుముకునే రోజుల్లో కూడా ఆ కోత ఆగదు. ఇక ఆమె ఫండ్ జోలికి అసలు వెళ్లకండి. రెండేళ్లలో అవసరమయ్యే డబ్బు అది. నిజానికి ఆ మొత్తాన్ని ఇప్పటి నుంచే విడతలుగా డెట్ ఫండ్లలోకో ఎఫ్‌డీలోకో మార్చడం మొదలుపెట్టాలి. దాని గురించి మరోసారి వివరంగా రాయండి, చెబుతాను. ఎఫ్‌డీలోని రూ.3 లక్షలు మీ ఇంటికి అత్యవసర నిధి. ఇంటి రుణం ఉన్నవారికి అదే తక్కువ, దాన్నీ కదపొద్దు.

నెలకు రూ.20 వేలు కిస్తీ కట్టడానికి సిద్ధపడ్డారంటే ఆ మేరకు మిగులు ఉన్నట్టే కదా. అందులో రూ.18 వేలు ఇప్పటి నుంచే రికరింగ్ డిపాజిట్ (ఆర్‌డీ)లో వేయండి. 18 నెలల్లో అసలే రూ.3.24 లక్షలవుతుంది. వడ్డీ 6.5 శాతం అనుకుంటే పన్నుకు ముందు మరో రూ.16 వేలు. అంటే చేతిలో రూ.3.40 లక్షలు. బోనస్ దీనికి అదనం.

ఇది సరిపోతుందా? ప్యాకేజీ పక్కన పెడితే సరిపోతుంది. టస్కనీలో చూడవలసిన వాటిలో చాలావాటికి టికెట్ లేదు. సైక్లిస్టులు అంతగా చెప్పుకునే 'స్ట్రాడె బియాంకె' అంటే ద్రాక్ష తోటల మధ్య కొండ వాలుల మీద సాగే తెల్లటి కంకర రోడ్లు. అవి ఊళ్లవాళ్లు రోజూ ట్రాక్టర్లలో, కార్లలో తిరిగే మామూలు దారులే. 1997లో గాయొలె ఇన్ కియాంతీ అనే చిన్న ఊళ్లో 'లెరోయికా' అనే పాతకాలపు సైకిళ్ల సవారీ మొదలైంది. ఆ కంకర రోడ్ల మీద తారు పడకుండా కాపాడుకోవాలన్నది దాని వెనక ఉన్న తపన. ఆ సవారీ సాగే 200 కిలోమీటర్ల పైచిలుకు దారికి ఇప్పుడు ఏడాది పొడవునా బోర్డులుంటాయి. ఎవరైనా, ఎప్పుడైనా తొక్కొచ్చు. గాయొలె నుంచి బ్రోలియో కోటకు సైప్రస్ చెట్ల నడుమ ఎక్కే కంకర దారి కూడా అందులోదే. గైడు, వెంట వచ్చే వ్యాను, గుంపుతో భోజనం.. ప్యాకేజీ ధరలో ఎక్కువ భాగం వీటికే పోతుంది. పంక్చరు వేసుకోగలిగి, ఫోన్‌లో మ్యాప్ చూసుకోగలిగిన మీకు వాటి అవసరం తక్కువ. తోడుగా క్లబ్బు మిత్రుడు ఒకరుంటే ఇంకా మంచిది, గది ఖర్చు సగమవుతుంది.

లెక్క సులువుగా ఉండటానికి యూరోను రూ.110 అనుకుందాం. విమానానికి రూ.75 వేలు. వీసా రుసుము 90 యూరోలు, దాని సర్వీసు ఛార్జీ, బీమా కలిపి రూ.20 వేలు. తొమ్మిది రాత్రులు సగటున 100 యూరోల గదికి రూ.99 వేలు. పది రోజుల తిండికి రోజుకు 45 యూరోల చొప్పున దాదాపు రూ.50 వేలు. సైకిల్ అద్దె 8 రోజులకు 400 యూరోలు, అంటే రూ.44 వేలు. రైళ్లు, ఒక ఊరి నుంచి మరో ఊరికి సామాను చేరవేసే సర్వీసు, అక్కడి మున్సిపాలిటీలు రాత్రికింత అని వసూలుచేసే పర్యాటక పన్ను కలిపి రూ.27 వేలు. మొత్తం రూ.3.15 లక్షలు. ఊహించని ఖర్చులకు మరో పది శాతం కలిపితే దాదాపు రూ.3.50 లక్షలు. ఇవి నా అంచనాలు. మీరు బుక్ చేసేటప్పుడు ధరలు సరిచూసుకోండి.

సైకిల్ ఇప్పుడు కొనకండి. ఈ మాట మీకు రుచించదని తెలుసు. కానీ రూ.3 లక్షల కార్బన్ ఫ్రేమును పెట్టెలో సర్ది విమానం ఎక్కించడమంటే రానుపోను అదనపు ఛార్జీ కట్టాలి. పెట్టెను ఎలా విసిరేస్తారోనన్న బెంగ సరేసరి. పైగా ఇక్కడ చదును రోడ్డు కోసం కొన్న గేర్లు అక్కడ పనికిరాకపోవచ్చు. టస్కనీలో ఒక్కటే పెద్ద ఘాట్ ఉండదు. రోజంతా ఎక్కుడూ దిగుడే. 80 కిలోమీటర్లు తొక్కేసరికి 1,200 మీటర్లకు పైగా ఎక్కి ఉంటారు. టస్కనీలోని సియెనా నగరంలో, ఆ కంకర రోడ్ల పేరుతోనే జరిగే ప్రొఫెషనల్ రేసు ముగింపుకు కాస్త ముందు ఎక్కే వియా శాంత కతెరీనా వీధి వాలు 16 శాతం దాకా ఉంటుంది. అక్కడి అద్దె దుకాణాల్లో ఆ కొండలకు తగ్గ చిన్న గేర్లు, కంకరకు తగ్గ 30 మి.మీ. పైబడిన టైర్లు ఉన్న సైకిళ్లు దొరుకుతాయి. మీరు ఇక్కడి నుంచి తీసుకెళ్లవలసినవి పెడళ్లు, బూట్లు, మీకు అలవాటైన సీటు. సీటు ఎత్తు కొలిచి కాగితం మీద రాసి పెట్టుకోండి. సైకిల్ చేతికిచ్చే ముందు దుకాణం వాళ్లు మీ క్రెడిట్ కార్డు మీద కొంత మొత్తం బ్లాక్ చేస్తారు. ఆ మేరకు లిమిట్ ఖాళీగా ఉంచుకోండి. గీతలు, పగుళ్లు ముందే ఉంటే వాళ్ల ఎదుటే ఫొటోలు తీసుకోండి.

ఎప్పుడు వెళ్తారన్నదే ఖర్చును ఎక్కువగా మార్చేస్తుంది. జులై 2, ఆగస్టు 16 తేదీల్లో సియెనాలో పాలియో గుర్రప్పందేలు. ఆ రోజుల్లో గది ధరలు చుక్కలనంటుతాయి. జులై, ఆగస్టుల్లో ఎండలు కూడా మండిపోతాయి. అక్టోబరు మొదట్లో లెరోయికా జరిగే వారం గాయొలె చుట్టుపక్కల గది దొరకడమే కష్టం. మే నెల మధ్యలోనో సెప్టెంబరు రెండో సగంలోనో పెట్టుకోండి. నన్నడిగితే మే. అప్పుడు వాల్ దోర్చా లోయంతా పచ్చటి గోధుమ చేలు. ఆ లోయలోని పియెంజాలో గది ఖరీదనిపిస్తే పక్క ఊళ్లలో పొలాల మధ్య ఉండే 'అగ్రితురిజ్మో' ఇళ్లు చూడండి. చాలాచోట్ల ఉదయం ఫలహారం కూడా పెడతారు. కాఫీ కౌంటరు దగ్గర నిలబడి తాగితే ఒక ధర, బల్ల దగ్గర కూర్చుంటే మరో ధర. సియెనా ప్రధాన కూడలి పియాజ్జా దెల్ కంపోలో ఆ తేడా బాగా తెలుస్తుంది. పల్లెల్లో కిరాణా కొట్లు మధ్యాహ్నం మూసేస్తారు. పండ్లు, రొట్టె, జున్ను పొద్దున్నే కొని జేబులో వేసుకుంటే హోటల్ ఖర్చు ఒక పూట తగ్గుతుంది. ఊరి కుళాయిల్లో మంచినీళ్లు ఉచితం.

సియెనాలో సాలింబేని కూడలి దగ్గర కాసేపు సైకిల్ ఆపండి. 1472లో మొదలై ఇప్పటికీ నడుస్తున్న మోంతె దెయి పాస్కి బ్యాంకు ప్రధాన కార్యాలయం అక్కడే. పేదలు వడ్డీ వ్యాపారుల చేతుల్లో పడకుండా ఆదుకోవడానికి పెట్టిన సంస్థగా అది మొదలైంది. మా వృత్తిలో ఉన్నవాళ్లకు అదొక పుణ్యక్షేత్రం లాంటిది.

ఇక పన్ను. ఇక్కడి ఆపరేటరు దగ్గర విదేశీ టూర్ ప్యాకేజీ కొంటే మొదటి రూపాయి నుంచీ టీసీఎస్ (అమ్మేవాళ్లే ముందుగా వసూలుచేసి ప్రభుత్వానికి కట్టే పన్ను) వసూలు చేస్తారు. అది ఖర్చు కాదు, రిటర్ను వేసేటప్పుడు సర్దుబాటవుతుంది. మీ కంపెనీకి ముందే చెబితే జీతంలో కోసే టీడీఎస్‌లోనూ తగ్గించుకోవచ్చు. కానీ అప్పటిదాకా మీ డబ్బు ఇరుక్కుంటుంది. గదులు, సైకిల్ మీరే విడివిడిగా బుక్ చేసుకుంటే ఎల్ఆర్ఎస్ (విదేశాలకు డబ్బు పంపుకోవడానికి ఆర్‌బీఐ పెట్టిన పథకం) కింద ఏడాదికి రూ.10 లక్షల వరకు టీసీఎస్ లేదు. మీ ఖర్చు ఆ పరిమితికి చాలా దూరంలో ఉంది. కార్డు విషయంలో మాత్రం జాగ్రత్త. ఫారెక్స్ మార్కప్ (విదేశీ కరెన్సీలో ఖర్చుపెడితే బ్యాంకు వేసే అదనపు రుసుము) 3.5 శాతం, దానిపై జీఎస్టీ ఉంటే రూ.2 లక్షల ఖర్చుకు రూ.8 వేలు వృథా. మార్కప్ లేని కార్డు ఒకటి ముందే తీసుకోండి. అక్కడి మెషీన్ 'రూపాయల్లోనా, యూరోల్లోనా' అని అడుగుతుంది. ప్రతిసారీ యూరోలే నొక్కండి. రూపాయలు నొక్కితే వాళ్ల సొంత రేటు వేస్తారు, అది మీకు నష్టం.

ఇటలీ వెళ్లడానికి తీసుకోవలసిన షెంజెన్ వీసాకు (యూరప్‌లోని చాలా దేశాలకు ఉమ్మడి వీసా) కనీసం 30 వేల యూరోల వైద్య బీమా తప్పనిసరి. ఆ కనీసంతో సరిపెట్టుకోకండి. పాలసీ పత్రంలో సైక్లింగ్ గురించి ఏం రాశారో చదవండి. మామూలుగా తొక్కితే వర్తించి, పోటీల్లో పాల్గొంటే వర్తించనివి ఉంటాయి. కొండ మీద నుంచి ఆసుపత్రికి తరలించే ఖర్చు, మీ వల్ల ఎవరికైనా దెబ్బ తగిలితే కట్టవలసిన పరిహారం అందులో ఉన్నాయో లేదో బీమా సంస్థను ఈ-మెయిల్‌లో అడిగి జవాబు దాచుకోండి. వీసా రాకపోతే రుసుము వెనక్కి రాదు. కాబట్టి గదులన్నీ ఉచితంగా రద్దు చేసుకునే వీలున్నవే తీసుకోండి. దరఖాస్తు ఆరు నెలల ముందు నుంచే చేసుకోవచ్చు.

మీ ప్రశ్నలో శ్రీమతి గారి ప్రస్తావన లేదు. ఈ 18 నెలల పొదుపు ఇద్దరూ కూర్చుని మాట్లాడుకుని మొదలుపెట్టండి. ఆమెకూ రావాలనుంటే గది ఖర్చు పెద్దగా పెరగదు. మోటారు సాయమున్న ఈ-బైక్ అద్దెకు తీసుకుంటే ఆ కొండలు ఆమెకూ కష్టం కావు. ఆమె విమానం, తిండి, అద్దె కలిపి ఇంకో రూ.2 లక్షలు కావాలి. అప్పుడు ప్రయాణం మరో పది, పదకొండు నెలలు వెనక్కి జరుగుతుంది.

తిరిగొచ్చాక కూడా ఆ కార్బన్ సైకిల్ మీద మనసుంటే ఆర్‌డీని అదే రూ.18 వేలతో కొనసాగించండి. 16 నెలల్లో రూ.3 లక్షలు పోగవుతాయి. అక్కడి కొండల్లో తొక్కి వచ్చారు కాబట్టి ఏ గేర్లు, ఏ టైర్లు కావాలో కూడా మీకు అప్పటికి తెలిసి ఉంటుంది.