హవాయిలో ‘రాత్రి నడిచేవాళ్ళు’ అంటే ఎవరు? ఎదురైతే ఏం చేయాలంటారు?

హవాయి భాషలో వాళ్ళను ‘హువాకాయి పో’ అంటారు. చనిపోయిన యోధులు, నాయకులు పాత దారుల్లో రాత్రిళ్ళు ఊరేగింపుగా వెళ్తారని నమ్మకం. ముందు దూరంగా డోలు, శంఖం మోత వినిపిస్తుంది, తర్వాత వరసగా కాగడాలు కనిపిస్తాయి.

ఎదురైతే పరుగెత్తకూడదు, తలెత్తి చూడకూడదు. నేలకు ముఖం ఆనించి బోర్లా పడుకోవాలి. ఆ గుంపులో మీ పూర్వీకులు ఎవరైనా ఉంటే ‘నాఉ’, అంటే ‘వీడు నావాడు’ అని కాపాడతారట. నాకు ఈ కథలో మనసుకు హత్తుకునేది ఆ ఒక్క మాటే.

బోర్లా పడుకోవడం వెనక చరిత్ర ఉంది. పూర్వం అత్యున్నత నాయకులు వస్తుంటే జనం సాష్టాంగపడాలి, లేకపోతే మరణశిక్ష. ‘కపు’ అనే ఆ కట్టుబాట్లను 1819లో రద్దు చేశారు. భయం మాత్రం కథలో మిగిలిపోయింది.

హవాయిలో ఇలాంటి నమ్మకం ఇంకోటి ఉంది. ఓవాహు దీవిలో 1795లో కమెహమెహా అనే రాజు యుద్ధం గెలిచిన నుఉఆను లోయ మీదుగా పాలీ రోడ్డు పోతుంది. రాత్రిపూట ఆ దారిలో పంది మాంసం తీసుకెళ్తే బండి ఆగిపోతుందంటారు. అగ్నిదేవత పెలేకు, వరాహ రూపుడు కామపువాఆకు పడదు మరి. మన ఊళ్ళలో రాత్రి మాంసం కూర తీసుకెళ్తుంటే బొగ్గు ముక్క వేసి పంపుతారు కదా, ఆ జాగ్రత్త లాంటిదే.

అక్కడి వాళ్ళకు ఇవి కాలక్షేపం కబుర్లు కావు, పెద్దల జ్ఞాపకాలు. పాత గుళ్ళ రాళ్ళు ఎక్కకండి, లావా రాయి జేబులో వేసుకురాకండి. అగ్నిపర్వతాల జాతీయ పార్కులో అది చట్టరీత్యా కూడా తప్పే.