తక్కువ ధర ల్యాప్‌టాప్‌ను ఆపి, పలుచటిదాన్ని నిలబెట్టవచ్చా?

ప్రశ్న: కాస్త లావుగా, బరువుగా ఉన్నా అందరికీ అందుబాటులో ఉండే ప్రారంభ స్థాయి ల్యాప్‌టాప్‌ను కంపెనీలు ఆపివేసి, దాని స్థానంలో పలుచటి మోడల్‌ను తేవడం సమంజసమేనా? ధర పెరగనప్పుడు పాతదాని కోసం పట్టుబట్టడం దేనికని నా మిత్రులు అంటున్నారు.

జవాబు: ధర పెరగకపోవడం ఒక్కటే చాలదని నా అభిప్రాయం. అదే ధరకు ఏమేమి తగ్గాయో కూడా చూడాలి.

ఇందుకు ఆపిల్ సంస్థ తెల్ల మ్యాక్‌బుక్ మంచి ఉదాహరణ. 2010 చివరిలో అమెరికాలో ఆ మోడల్ ధర 999 డాలర్లు. అదే ఏడాది అక్టోబరులో వచ్చిన పలుచటి 11 అంగుళాల మ్యాక్‌బుక్ ఎయిర్ ప్రారంభ ధరా అంతే. తెల్లదాని బరువు రెండు కిలోలకు పైగా ఉంటే, ఎయిర్ బరువు కిలోకు కాస్త ఎక్కువ. కానీ తెల్లదానిలో 250 జీబీ హార్డ్ డిస్కు, డీవీడీ డ్రైవు, ఈథర్‌నెట్ పోర్టు (తీగతో నెట్‌వర్క్‌కు కలిపే చోటు) ఉండగా, ఎయిర్‌లో 64 జీబీ స్టోరేజీ మాత్రమే ఉండి, మిగిలిన రెండూ లేవు. 2011 జూలైలో తెల్ల మ్యాక్‌బుక్‌ను సాధారణ కొనుగోలుదారులకు అమ్మడం ఆపివేశారు. విద్యాసంస్థలకు మాత్రం మరికొన్ని నెలలు అమ్మారు.

ఎయిర్‌కు న్యాయంగా దక్కాల్సిన మెప్పు కూడా ఉంది. దానిలోని ఎస్‌ఎస్‌డీ (కదిలే భాగాలు లేని, చిప్‌లతో చేసిన స్టోరేజీ) హార్డ్ డిస్కు కన్నా ఎంతో వేగవంతమైనది, కుదుపులకు తట్టుకునేది. డీవీడీ డ్రైవు పోవడం కూడా పెద్ద నష్టమని నేను అనుకోను. అవసరమైనవారు విడిగా కొనుక్కోవచ్చు. అసలు నష్టం ర్యామ్ (పని చేసేటప్పుడు కంప్యూటర్ వాడుకునే తాత్కాలిక మెమరీ) విషయంలో జరిగింది. తెల్లదానిలో అడుగు పలకను విప్పి ర్యామ్‌నూ డిస్కునూ ఎవరైనా మార్చుకోగలిగేవారు. ఎయిర్‌లో ర్యామ్‌ను మదర్‌బోర్డుకే (ప్రధాన సర్క్యూట్ పలకకే) సోల్డర్ చేశారు, అంటే ఊడదీసి మార్చే వీలు లేకుండా అతికించారు కనుక, కొన్న రోజున ఎంత ఉందో చివరి వరకూ అంతే. తక్కువ ధరకు కొనేవారిలో చాలామంది యంత్రాన్ని వీలైనంత ఎక్కువ కాలం వాడాలనుకుంటారు. మూడు నాలుగేళ్ల తరువాత కొద్ది ఖర్చుతో ర్యామ్ పెంచుకుని మరికొన్నాళ్లు నడుపుకోవాలని చూస్తారు. ఆ దారిని మూసివేసి పలుచదనాన్ని ఇవ్వడమంటే, ఎవరికి ఆ దారి అవసరమో వారి నుంచే దాన్ని తీసివేయడం. ఇది నాకు అన్యాయంగా తోస్తుంది.

అలాంటి యంత్రాలకు గిరాకీ లేదని చెప్పడానికీ వీల్లేదు. ర్యామ్, డిస్కు మార్చుకునే వీలున్న 13 అంగుళాల మ్యాక్‌బుక్ ప్రోను 2012లో విడుదల చేసి, దానికన్నా పలుచటి రెటీనా (మరింత స్పష్టమైన తెర ఉన్న) మోడళ్లు పక్కనే ఉన్నా, 2016 వరకూ అమ్మారు.

కనుక పలుచటిది అదే ధరకు అంతే స్టోరేజీ, చాలినన్ని పోర్టులు, మార్చుకోదగిన బ్యాటరీ, కనీసం స్క్రూ విప్పి మార్చుకునే ఎస్‌ఎస్‌డీ ఇచ్చినప్పుడు, ర్యామ్‌ను సోల్డర్ చేసే పక్షంలో మొదటే ధారాళంగా ఇచ్చినప్పుడు, పాతదాన్ని నిస్సంకోచంగా ఆపవచ్చు. అంతవరకూ రెండింటినీ అమ్మాలి.

ప్రశ్న: నేను వాడుతున్న మోడల్‌ను ఆపివేశారు. వెంటనే మార్చుకోవాలా?

జవాబు: అక్కరలేదు. అమ్మకం ఆగినంత మాత్రాన మరమ్మతు ఆగదు. ఉదాహరణకు, ఆపిల్ ఒక ఉత్పత్తి అమ్మకాన్ని ఆపిన నాటి నుంచి ఐదేళ్లు దాటాకే దాన్ని పాతబడిన ఉత్పత్తుల జాబితాలో చేరుస్తుంది. ఆ తరువాత విడిభాగాలు దొరికితేనే మరమ్మతు. మీరు గమనించాల్సింది ఆపరేటింగ్ సిస్టమ్‌కు భద్రతా అప్‌డేట్లు వస్తున్నాయా లేదా అన్నది. అవి వస్తున్నంత కాలం, బ్యాటరీ నీరసించి ఉంటే విడిభాగాలు సులువుగా దొరికే ఇప్పుడే మార్పించి, ర్యామ్ పెంచే వీలుంటే పెంచి, నిశ్చింతగా వాడుకోండి.