దుకాణం కబుర్లు: నిజమైన పొగడ్తలు ఎక్కడికి పోయాయి?

ప్రశ్న: మాది ఆత్రేయపురం. ఇంట్లో కుండ మీద రేకులు తీసి, పూతరేకులు చుట్టి, రోడ్డు పక్క చిన్న కొట్టులో అమ్ముతాం. సంక్రాంతికి కార్లలో వచ్చినవాళ్లు ఫోన్లో, మ్యాప్‌లో మా కొట్టు గురించి బాగా రాశారు. పండగ అయ్యేసరికి 61 రివ్యూలు. నెల తిరిగాక చూస్తే 24. అన్నీ తిన్నవాళ్లు రాసినవే. పక్క కొట్టువాళ్లే ఏదో చేశారని మా ఆయన అనుమానం. కేసు వేయొచ్చా?
— ఒక పాఠకురాలు

జవాబు: అమ్మా, ముందు పక్క కొట్టువాళ్ల మీద కోపం దించుకోండి. పక్కవాళ్లు ఫిర్యాదు చేసినంత మాత్రాన రివ్యూ పోదు, నియమం తప్పిందని తేలితేనే తీస్తారు. ఏ మ్యాపో మీరు రాయలేదు. మన దగ్గర ఎక్కువమంది చూసేది గూగుల్‌దే కాబట్టి దాని పద్ధతే చెబుతాను.

మీ ఉత్తరం అందాక ఫోన్ చేశాను కదా, అప్పుడు మీరు మాటల మధ్యలో ఒక సంగతి చెప్పారు. గల్లాపెట్టె మీద అట్టముక్క పెట్టారట: ‘రివ్యూ రాసి చూపిస్తే ఒక బెల్లం పూతరేకు ఉచితం’. మీ ఉద్దేశం మంచిదే. పండక్కి వచ్చినవాళ్ల నోరు తీపి చేయడం మనకి అలవాటే. కానీ రివ్యూకి బదులుగా ఏదైనా ఇవ్వడం గూగుల్ నియమాలకు విరుద్ధం. రాసింది నిజమా కాదా అన్నది అక్కడ లెక్కలోకి రాదు.

అట్టముక్క సంగతి వాళ్లకెలా తెలిసిందంటారా? తెలియనక్కర్లేదు. రివ్యూలను ముందు చూసేది మనుషులు కాదు, యంత్రం. అది మీ పూతరేకు రుచి చూడదు, రివ్యూలు వచ్చిన తీరు చూస్తుంది. నెలకి రెండు మూడు వచ్చే కొట్టుకి మూడు రోజుల్లో ముప్పై పైచిలుకు వచ్చాయి. అన్నీ అయిదు చుక్కలే. సగానికి పైగా ‘సూపర్’ అన్న ఒక్క ముక్క. డబ్బిచ్చి కొనుక్కున్న రివ్యూలూ అచ్చం ఇలాగే ఉంటాయి. ఉన్నట్టుండి ఒక్క చుక్కవో అయిదు చుక్కలవో కుప్పగా వచ్చి పడితే అనుమానిస్తామని గూగులే చెప్పింది. 2024లో ఇలా ఆపినవీ, తీసేసినవీ కలిపి 24 కోట్లకు పైనే అని కూడా. ఆ కుప్పలో మీలాంటివాళ్ల గింజలూ కొన్ని కొట్టుకుపోతాయి.

నాకూ తగిలింది ఈ దెబ్బ. రాజమండ్రిలో జిరాక్స్ షాపు నడిపే రోజుల్లో పెన్షన్ కాగితాలకి వచ్చే పెద్దలు, ‘మాకు రాదు, నువ్వే కొట్టు నాయనా’ అనేవారు. వాళ్ల ఫోన్లు తీసుకుని, వాళ్లు చెప్పిన మాటే, నా వైఫై మీద, నా వేలితో కొట్టాను. పదకొండులో పది మాయం. మిగిలిన ఒక్కటీ ‘కరెంటు పోతే ఈ షాపులో పని జరగదు’ అన్నది.

ఇంకో తమాషా. ‘పార్సిల్ కోసం ఈ నంబరుకి ఫోన్ చేయండి’ అని కొందరు మీ మేలు కోరి రివ్యూలోనే నంబరు రాసి ఉంటారు. అది ప్రకటన కింద లెక్క, పోతుంది. మీ దగ్గర రేకులు తీసే అమ్మాయి రాసిందీ చెల్లదు.

రివ్యూ రాసినవాళ్లలో మీకు తెలిసినవాళ్లు ఒకరిని, వాళ్లు రాసింది వాళ్ల ఫోన్లో ఉందేమో చూడమనండి. వాళ్లకి కనిపించి మీకు కనిపించకపోతే ఆ యంత్రం వడపోతలో పోయినట్టే. వాళ్లకీ లేకపోతే వాళ్లే చెరిపేసి ఉండొచ్చు. లెక్క చూపించడంలో పొరపాటూ జరుగుతుంది. 2025 ఫిబ్రవరిలో అలాగే జరిగిందని గూగుల్ ఒప్పుకుంది. అందుకని వారం ఆగి మళ్లీ చూడండి. నియమం తప్పాయని తీసినవి మాత్రం తిరిగి వస్తాయని ఆశ పెట్టుకోకండి.

కేసు మాట. వినియోగదారుల చట్టం డబ్బిచ్చి సేవ కొన్నవాళ్లకి. మ్యాప్‌లో పేరు పెట్టుకున్నందుకు మీరు పైసా కట్టలేదు. ఆన్‌లైన్ రివ్యూల కోసం 2022లో ఐఎస్ 19000 అని మన దేశపు నాణ్యతా ప్రమాణం ఒకటి వచ్చింది గానీ, అది ఇష్టమున్నవాళ్లు పాటించేదే. లాయరు ఫీజుతో రెండు బస్తాల బియ్యం కొనుక్కోండి.

ఆ అట్ట ఇవాళే తీసేయండి. పూతరేకు ఇవ్వాలనుకుంటే రాసినా రాయకపోయినా అందరికీ ఇవ్వండి. రాయమని అడిగేటప్పుడు మెచ్చుకున్నవాళ్లనే ఏరుకోవద్దు, అదీ నిషేధమే. ‘ఏది తిన్నారో, ఎలా ఉందో రాయండి’ అంటే చాలు. వాళ్లు ఊరు చేరాక తీరిగ్గా రాసుకుంటారు.

ప్రశ్న: కరీంనగర్‌లో నా టైలరింగ్ షాపు పక్క వీధికి మార్చిన. పాత రివ్యూలు పోయినయ్.

జవాబు: పోలేదు తమ్ముడూ, పాత వీధిలోనే ఉన్నాయి! నువ్వు కొత్త అడ్రసుకి గూగుల్ మ్యాప్‌లో కొత్త పేజీ తెరిచి ఉంటావు. పాత పేజీలోనే అడ్రసు మార్చాల్సింది. రెండూ ఒకే షాపువని, కలిపేయమని గూగుల్ సపోర్టుకి రాయి. ఈలోగా పాత పేజీని మాత్రం తీసేయకు.