ఆటలతో సువార్త చెప్పడం మోసమా? రాజోలు దగ్గర నా తొమ్మిది వేసవుల అనుభవం

బ్రదర్, మీకు వందనాలు. మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. పాలకొల్లు దగ్గర మీ సంఘం వాళ్లు ఈ సెలవుల్లో పిల్లలకు ఆటల శిబిరం పెడుతున్నారు, మిమ్మల్ని వాలంటీరుగా ఉండమన్నారు. ఆట పేరుతో పిలిచి వాక్యం (బైబిలు బోధ) చెప్పడం మోసం కాదా అని మీ బెంగ. మరోపక్క కొందరు పెద్దలు ఆటలు లోకసంబంధమైనవి, మందిరానికి వాటితో పనేంటి అంటున్నారు. చేరాలా, వద్దా?

చేరండి. కానీ ముందు పాస్టర్ గారితో, యూత్ లీడర్‌తో కూర్చుని రెండు సంగతులు తేల్చుకోండి. వాక్యానికి కూర్చోని పిల్లాడికి కూడా బంతి సమానంగా అందుతుందా? వేసవి అయిపోయాక, జూలైలో, ఆ పిల్లలతో ఎవరుంటారు? వీటికి సూటిగా జవాబు రాకపోతే ఈ ఏడాదికి ఆగమనే చెబుతాను. ఎందుకంటే ఈ రెండు తప్పులూ మేం చేశాం.

మాది రాజోలు పక్కన చిన్న పల్లె. మొదటి ఏడాది పదిరోజుల విబిఎస్‌కి (సెలవుల్లో పిల్లలకు నడిపే బైబిలు బడి) వాలీబాల్, కబడ్డీ కలిపాం. కరపత్రం మీద "పిల్లలకు ఉచిత ఆటల శిబిరం" అని మాత్రమే వేయించాం. పొద్దున్నే ఆట, తరువాత మందిరంలో వాక్యం. వాక్యానికి కూర్చుంటేనే హాజరు, హాజరు ఉంటేనే చివరిరోజు టీషర్టు. 38 మంది వచ్చారు. అందులో తప్పుందని మాలో ఒక్కరికీ తోచలేదు.

ఆరో రోజున ఒక తండ్రి వచ్చాడు. అంతర్వేది వైపు సముద్రంలో వేటకు వెళ్లే మనిషి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం కదా, ఆ రోజుల్లో ఇంటిపట్టునే ఉంటాడు. కొడుకుని వెతుక్కుంటూ వచ్చి, వాడు మందిరంలో కూర్చుని ఉండటం చూశాడు. కేకలేమీ వేయలేదు. నన్ను పక్కకు పిలిచి, "మాస్టారూ, మావోడికి ఆటంటే ఇష్టమని పంపానండి. ప్రార్థన కూడా ఉంటదని ముందే ఓ ముక్క చెప్తే నేనేమీ అనేవోణ్ణి కాదేమో. చెప్పకుండా కూర్చోబెట్టారు. గేలానికి ఎర గుచ్చినట్టుందండి" అన్నాడు. కొడుకు చెయ్యి పట్టుకుని వెళ్లిపోయాడు. వాడికి పన్నెండేళ్లు, మా శిబిరంలో వాడంత చురుగ్గా కూతకు వెళ్లేవాడు ఇంకొకడు లేడు.

ఆ రాత్రి మందిరం మెట్ల మీద కూర్చుని మాట్లాడుకున్నాం. ఇది సువార్త కోసం పడే శ్రమ, ఓర్చుకోవాలి అన్నారు కొందరు. నాకు అలా అనిపించలేదు. క్రీస్తు నిమిత్తం మాట పడటం వేరు, మనం దాచిపెట్టినందుకు మాట పడటం వేరు. ఆ తండ్రి అన్నది న్యాయం.

మరుసటి ఏడాది కరపత్రంలో అన్నీ రాశాం. ఆట ఉదయం 5:30 నుంచి 7:15 వరకు, అందరికీ. తరువాత పావుగంట విరామం, మజ్జిగ, ఉడికించిన గుడ్డు, అదీ అందరికీ. 7:30 నుంచి అరగంట మందిరం వరండాలో బైబిలు కథ, పాట. అది ఇష్టమున్నవాళ్లకు, తల్లిదండ్రులు ఒప్పుకున్నవాళ్లకు మాత్రమే. టీషర్టు అందరికీ. మొదటిరోజు కథకు మిగిలింది తొమ్మిది మంది, అందులో ఏడుగురు మా సంఘం పిల్లలే. పాస్టర్ గారి ముఖం చిన్నబోయింది. నాకూ బాధగానే ఉంది, అబద్ధం చెప్పను. కానీ ఆ తొమ్మిది మందీ వాళ్లంతట వాళ్లు కూర్చున్నారు. ప్రశ్నలు అడిగారు. అంతకుముందు ఏడాది 38 మందిలో ఒక్కరూ ప్రశ్న అడగలేదు.

చట్టం సంగతి కూడా తెలుసుకోండి. రాజ్యాంగం 25వ అధికరణ మతాన్ని ఆచరించడానికే కాదు, ప్రచారం చేసుకోవడానికీ హక్కు ఇచ్చింది. ఆ హక్కులో ఎదుటివారిని మతం మార్పించే హక్కు లేదని 1977లో స్టానిస్లాస్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. పూర్తిగా ప్రభుత్వ నిధులతో నడిచే విద్యాసంస్థల్లో మతబోధ కూడదని 28వ అధికరణ. అందుకే హైస్కూలు గ్రౌండు అడిగి తీసుకుంటే అక్కడ ఆట మాత్రమే ఆడించండి. వాక్యం మందిరంలోనే. హెడ్మాస్టరు గారికి ఈ మాట రాతపూర్వకంగా ఇస్తే ఆయనకీ టెన్షన్ ఉండదు.

ఇక రెండో ప్రశ్న, వేసవి అయిపోయాక ఆ పిల్లలతో ఎవరుంటారన్నది. నా మనసులో దీనికే ఎక్కువ బరువు.

మన కోనసీమ పల్లెల సంగతి మీకు చెప్పక్కర్లేదు. ఎన్నో ఇళ్లలో అమ్మ కువైట్‌లోనో మస్కట్‌లోనో పనిలో ఉంటుంది. పిల్లలు అమ్మమ్మ దగ్గర పెరుగుతుంటారు. మా శిబిరంలో ఆట అయిపోయాక కూడా ఇంటికి వెళ్లకుండా నెట్టు విప్పేదాకా, బంతులు లెక్కపెట్టేదాకా మా చుట్టూ తిరిగేవాళ్లు కొందరుండేవారు. సాయం చేస్తున్నారనుకునేవాణ్ణి. మూడో ఏడాది చివరిరోజు బహుమతులు పంచి, ఫొటోలు దిగి, సరుగుడు బాదులు పీకేస్తుంటే ఒక చిన్నపిల్ల వచ్చి "అన్నయ్యా, రేపు ఎన్నింటికి రావాలి?" అంది. రేపు లేదమ్మా, మళ్లీ వచ్చే వేసవికే అన్నాను. ఇంకేం అడగలేదు. చేతిలో ఉన్న విజిలు నాకిచ్చి వెళ్లిపోయింది.

ఆ తరువాత చాలా రోజులు నిద్ర సరిగా పట్టలేదు. పదిరోజులు అన్నయ్యా అని పిలిపించుకుని పదకొండో రోజు కనిపించకుండా పోయేవాడు ఏ ప్రేమ గురించి చెబుతున్నట్టు? అప్పటినుంచి ఏడాది పొడుగునా శని, ఆదివారాలు సాయంత్రం ఆడిస్తున్నాం. వానాకాలంలో గ్రౌండు బురదైతే మందిరం వెనక షెడ్డులో క్యారమ్స్, చెస్. పరీక్షల రోజుల్లో ఆట తగ్గించి చదివిస్తాం. నలుగురు వాలంటీర్లం వంతులు వేసుకుంటాం. నాకు ఆర్మూరులో పని పడి రెండు నెలలు లేనప్పుడు కూడా వంతు ఆగలేదు. మీ దగ్గర పదిమంది లేకపోయినా పర్లేదు, ఏడాదంతా నిలబడే ఇద్దరు దొరికితే చాలు, మొదలుపెట్టండి.

పెద్దల అభ్యంతరం గురించి. వాళ్లతో వాదనకు దిగకండి, గౌరవంగా కొన్ని సంగతులు గుర్తుచేయండి. మనవాళ్లు ఊరూరా ఆడే వాలీబాల్ పుట్టిందే క్రైస్తవ యువకుల సంఘంలో. 1895లో అమెరికాలోని హోల్యోక్ వైఎంసీఏలో విలియం మోర్గాన్ అనే వ్యాయామ శిక్షకుడు దాన్ని తయారుచేశాడు. అంతకు నాలుగేళ్ల ముందు బాస్కెట్‌బాల్ పుట్టింది కూడా వైఎంసీఏ శిక్షణ కళాశాలలోనే. మన నరసాపురం, పాలకొల్లు ప్రాంతానికి సువార్త తెచ్చిన బౌడెన్, బీర్ 1836లో ఇంగ్లండ్ నుంచి వచ్చారు. ఆ తరువాత ఆ మిషను వాళ్లు వాక్యంతో పాటు బడి, ఆసుపత్రి కూడా పెట్టారు. ఒంటికి మేలు చేసే పని మందిరానికి పరాయిది కాదని మన తాతలకు తెలుసు. పౌలు కూడా కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక 9వ అధ్యాయంలో విశ్వాస జీవితాన్ని పరుగుపందెంతోనే పోల్చాడు.

ఆదివారం మ్యాచుల దగ్గర మాత్రం పెద్దల మాటలో పస ఉంది. మా కుర్రాళ్లు ఒకసారి చుట్టుపక్కల టోర్నమెంట్లో ఫైనల్‌కి వెళ్లారు. ఫైనల్ ఆదివారం ఉదయం తొమ్మిదికి, సరిగ్గా ఆరాధన వేళకి. వాళ్లకు స్కాట్లండ్ పరుగువీరుడు ఎరిక్ లిడెల్ గురించి చెప్పాను. 1924 పారిస్ ఒలింపిక్స్‌లో 100 మీటర్ల హీట్స్ ఆదివారం పడ్డాయని ఆ పరుగే వదులుకున్నాడు. 400 మీటర్లలో 47.6 సెకన్లకు పరుగెత్తి బంగారు పతకం గెలిచాడు. మరుసటి ఏడాది మిషనరీగా చైనా వెళ్లిపోయాడు. ఏం చేయాలో మీరే తేల్చుకోండి అన్నాను. వాళ్లు వెళ్లి నిర్వాహకుల్ని బతిమాలుకున్నారు. మూడు గంటలకు మార్చారు. ఓడిపోయారు, కానీ ఆ రోజు పొద్దున పాటల్లో వాళ్ల గొంతులే ఎక్కువ వినిపించాయి.

లిడెల్ కథలో నాకు ఇంకా ఇష్టమైన భాగం తరువాతది. యుద్ధకాలంలో జపాన్ వాళ్లు ఆయన్ని చైనాలోనే ఒక నిర్బంధ శిబిరంలో పెట్టారు. అమ్మానాన్నలకు దూరమైన మిషనరీల పిల్లలు అక్కడ చాలామంది. వాళ్లకు ఆటలు ఆడించేవాడు, పాఠాలు చెప్పేవాడు. ఆదివారం ఆటలకు మాత్రం ఒప్పుకోలేదు. ఒక ఆదివారం పిల్లలు వాళ్లంతట వాళ్లే హాకీ ఆడుకుని, రిఫరీ లేక కొట్టుకున్నారు. మరుసటి ఆదివారం ఆయనే వెళ్లి రిఫరీగా నిలబడ్డాడు. ఒలింపిక్ పతకం కోసం వదలని నియమాన్ని ఆ పిల్లల కోసం వదిలాడు. 1945లో ఆ శిబిరంలోనే చనిపోయాడు. నాకు ఎప్పుడైనా విసుగొస్తే ఆ హాకీ మ్యాచ్ గుర్తుచేసుకుంటాను.

వాలంటీరుగా మీ చేతుల్లో ఉండే పనులు కొన్ని చెబుతాను.

దాళ్వా (రెండో పంట) కోతలయ్యాక చేలు ఖాళీగా ఉంటాయి, రైతుని అడిగితే కాదనరు. కానీ మన నల్లమట్టి ఎండితే నెర్రెలు విచ్చుతుంది, వాటిలో కాలు పడి మడమ తిరుగుతుంది. ముందురోజే నెర్రెల్లో ఇసుక పోసి, ఊక చల్లి, నీళ్లు కొట్టి అణచండి. గడ్డివాములకు, గట్లకు దూరంగా కోర్టు గీయండి, పాముల భయం ఉంటుంది. కాలు బెణికితే నూనె రాసి తోమనివ్వకండి, ఐస్ గుడ్డలో చుట్టి పెట్టండి. మే నెలలో ఎనిమిది దాటాక ఆట వద్దు, మన గాలిలో తేమకి పిల్లలు తొందరగా సొమ్మసిల్లిపోతారు. ఆట కాగానే చెరువులో దూకుతామంటారు. పెద్దవాళ్లు లేకుండా ఒక్కణ్ణీ నీళ్ల వైపు పంపకండి. దీన్ని మాత్రం ఎంత కఠినంగా చెప్పినా తక్కువే.

ఆడపిల్లలు రావాలంటే సిస్టర్స్ వాలంటీర్లుగా ఉండాలి. మా దగ్గర ఇద్దరు అక్కలు ముందుకొచ్చాకే తల్లులు పంపారు. త్రోబాల్, ఖోఖోతో మొదలుపెట్టి ఇప్పుడు కబడ్డీ ఆడుతున్నారు. మగైనా ఆడైనా, ఏ వాలంటీరూ ఏ పిల్లతోనూ పిల్లాడితోనూ ఒంటరిగా ఉండకూడదు. బండి మీద ఒక్కరినే ఇంటికి దించడం కూడా వద్దు. ఎవరైనా చిన్నారి తనకు జరిగిన చెడు చెబితే సంఘం పరువు అని లోపల దాచకండి. పిల్లలపై లైంగిక నేరాలను అడ్డుకునే 2012 పోక్సో చట్టం ప్రకారం తెలిసినవాళ్లు పోలీసులకు చెప్పి తీరాలి. పిల్లల సహాయానికి ఉన్న 1098 ఫోన్ నంబరు మా షెడ్డు గోడ మీద పెద్దక్షరాలతో రాసి ఉంది.

జట్లు మీరే కట్టండి, పిల్లలకు వదిలేయకండి. వదిలేస్తే పేట (దళితవాడ) పిల్లలు ఒకవైపు, ఊళ్లో పిల్లలు ఒకవైపు అవుతారు. 2022 మే 24న జిల్లాకు అంబేద్కర్ పేరు పెట్టే విషయంలో అమలాపురంలో గొడవలు జరిగాక మా దగ్గర కూడా పిల్లలు రావడం తగ్గిపోయింది. ఇంటింటికీ వెళ్లి అడిగాం. కొందరు మాట్లాడలేదు, కొందరు మంచినీళ్లిచ్చి పంపారు. నెల తరువాత ఒక్కొక్కరే వచ్చారు. చీటీలు తీసి జట్లు కట్టాం. కబడ్డీలో కూతకొచ్చినవాణ్ణి ఒకడు పట్టుకుంటే మిగతావాళ్లూ కలిసి లాగాలి, ఎవడి చెయ్యి ఎవడు పట్టుకున్నాడో చూసుకునే తీరిక ఉండదు. అందుకే నాకు ఆ ఆట అంత ఇష్టం.

మొదటి ఏడాది తండ్రి తీసుకెళ్లిపోయిన కుర్రాడి గురించి చెప్పి ఆపుతాను. మూడో వేసవిలో తండ్రే తీసుకొచ్చాడు, కరపత్రం చదివించుకుని మరీ. వాక్యానికి పంపనని ముందే చెప్పాడు, సరేనన్నాను. ఇప్పుడు ఆ కుర్రాడు డిగ్రీ చదువుతున్నాడు, మా చిన్నపిల్లల కబడ్డీకి వాడే రిఫరీ. వాళ్లది హిందూ కుటుంబం, ఈరోజుకీ అంతే. క్రిస్మస్‌కి మా ఇంటికి వస్తారు, సంక్రాంతికి మేం వెళ్తాం. నేను యేసును ప్రేమిస్తానని, వాడి కోసం రోజూ ప్రార్థన చేస్తానని వాడికి తెలుసు, నేనే చెప్పాను. వాడు వద్దనలేదు.

మా అనుమతి కాగితంలో మాటలు ఇవి, మీకు పనికొస్తే వాడుకోండి: "ఇది క్రైస్తవ సంఘం నడిపే ఆటల శిబిరం. ఆట, తిండి, టీషర్టు అందరికీ. ఆట తరువాత అరగంట బైబిలు కథ ఉంటుంది, మీరు ఒప్పుకుంటేనే మీ బిడ్డ అందులో కూర్చుంటారు. మీరు ఎప్పుడైనా వచ్చి చూడవచ్చు." కింద రెండు గడులు, సంతకం. ప్రతి ఇంటికీ మీరే తీసుకెళ్లి ఇవ్వండి, చదవలేని అమ్మమ్మలకు చదివి వినిపించండి.