బయట తిండికి నెలకు 14,200: ఆపేయాలా?

ప్రశ్న: మాది రాజమండ్రి. నేను ప్రైవేటు స్కూల్లో టీచర్‌ని, మావారు ఒక కంపెనీలో సూపర్‌వైజర్. ఇద్దరివీ కలిపి నెలకు 78,000 చేతికొస్తాయి. ఇద్దరు పిల్లలు, మా అత్తగారు మాతోనే ఉంటారు. మా ఇంట్లో అందరికీ బజారు తిరగడం, నచ్చింది కొనుక్కుని తినడం ఇష్టం. పొద్దున్నే రైతు బజార్, ఆదివారం పెసరట్టు ఉప్మా, సాయంత్రం గోదావరి గట్టున బజ్జీలు, ఎండాకాలంలో రోజ్‌మిల్క్. మొన్న మా మరిది యూపీఐ స్టేట్‌మెంట్ చూసి, తిండికే నెలకు 14,000 దాటి పోతోందని, అదంతా ఆపి సిప్ చేస్తే, అంటే నెల నెలా మ్యూచువల్ ఫండ్‌లో వేస్తే, 15 ఏళ్లలో 70 లక్షలు అవుతాయని అన్నాడు. అప్పటి నుంచి బండి దగ్గర ఆగాలంటేనే టెన్షన్‌గా ఉంది. ఇంకో సంగతి. మేం రోజూ కొనే పళ్ల బండి ఆవిడ 10,000 అప్పు అడిగింది. ఇవ్వొచ్చా?

జవాబు: టీచర్ గారూ, ఆపక్కర్లేదు. మీ ఇంటి లెక్కలో సరిచేయాల్సినవి ఉన్నాయి కానీ అవి బజ్జీల బండి దగ్గర లేవు.

మీరు పంపిన మూడు నెలల స్టేట్‌మెంట్లు వరస వరసా చూశాను. ఇలాంటి స్టేట్‌మెంట్‌తో ఒక చిక్కుంది. చిన్న వ్యాపారుల క్యూఆర్ కోడ్‌కి డబ్బు పంపితే చాలాసార్లు కొట్టు పేరు పడదు, ఆ మనిషి పేరు పడుతుంది. అందుకే ఆకుకూరలు అమ్మే ఆయన, మిరపకాయ బజ్జీ వేసే ఆయన ఒకేలా కనిపిస్తారు. మీ మరిది 40, 60, 110 అంటూ వరసగా ఉన్న అంకెలన్నీ కూడి 'బయట తిండి' అనేశారు. మీరు పక్కన రాసిచ్చిన గుర్తుల ప్రకారం విడదీస్తే సగటున నెలకు ఇలా తేలింది. రైతు బజార్ కూరగాయలు, ఆకుకూరలు, పళ్లు, చేపలు కలిపి 5,600. టిఫిన్ కొట్లు, బజ్జీ బళ్లు, చెరకు రసం, రోజ్‌మిల్క్ కలిపి 3,900. తాపేశ్వరం కాజా, ఆత్రేయపురం పూతరేకులు, పచ్చళ్లు లాంటివి 1,300. ఫుడ్ డెలివరీ యాప్‌లో ఆర్డర్లు 3,400.

మొదటి 5,600 అసలు సరదా ఖర్చే కాదు, ఇంట్లో పొయ్యి మీదకి వెళ్లే సరుకు. అది ఆపి సిప్ చేస్తే పిల్లలు కూరేం తింటారు? పైగా మీరు కొంటున్న పద్ధతి చాలా మంచిది. 1999లో ఉమ్మడి రాష్ట్రంలో రైతు బజార్లు పెట్టిన ఉద్దేశమే మధ్యలో దళారీ లేకుండా రైతు నేరుగా అమ్ముకోవడం. గేటు దగ్గర బోర్డు మీద ఆ రోజు ధరలు రాస్తారు కాబట్టి బేరమాడే పని లేదు, మోసపోతామన్న భయమూ తక్కువ. అదే వంకాయ, బెండకాయ ఇంటికి తెప్పించుకుంటే ఎంత పడుతుందో ఒక వారం పోల్చి చూడండి, మీకే తెలుస్తుంది. ఈ 5,600ని ఇవాళే 'బయట తిండి' నుంచి తీసి కిరాణా, పాల లెక్కలో కలిపేయండి.

తర్వాతది 3,900. మీ ఆదాయంలో సరిగ్గా నూటికి అయిదు. అయిదుగురున్న ఇంటికి నెలంతా కలిపి అయ్యే వినోదం ఇది. మీ స్టేట్‌మెంట్‌లో సినిమా టికెట్లు దాదాపు లేవు, మాల్ ఖర్చు లేదు, ఊళ్లు తిరిగిన ఖర్చు లేదు. మీ కుటుంబం కలిసి బయటికెళ్లేది ఆ గట్టు మీదకే. పొదుపు పేరుతో ముందుగా ఇలాంటివే కొట్టేయడం నాకు నచ్చదు. అంకె చిన్నది, అందులో దొరికే సంతోషం పెద్దది. పైగా ఇలా బిగదీసిన ఇళ్లు ఎక్కువకాలం ఆ నియమం మీద నిలబడవు. రెండు నెలలు బిగబట్టి, మూడో నెలలో ఒక్కసారిగా పెద్ద హోటల్‌కి వెళ్లి అంతా ఖర్చుపెట్టేస్తారు.

మీ మరిది చెప్పిన 70 లక్షల లెక్క తప్పు కాదు. నెలకు 14,000 చొప్పున 15 ఏళ్లు, ఏటా 12 శాతం రాబడి వస్తుందనుకుంటే దాదాపు అంతే వస్తుంది. కానీ ఆ 12 శాతానికి ఎవరూ హామీ ఇవ్వరు. ధరలు ఏటా 6 శాతం పెరుగుతాయనుకుంటే అప్పటి 70 లక్షలతో కొనగలిగేది ఇప్పటి 30 లక్షల లోపు సరుకే. అన్నిటికన్నా ముఖ్యం, మీ దగ్గర ఆపడానికి అసలు 14,000 లేదు. ఆయన మీ మంచి కోరే అన్నారు, ఆ మాట పట్టుకుని ఇంట్లో గొడవ పెట్టుకోకండి. ఈ విడదీసిన లెక్క చూపించండి.

ఇక యాప్ సంగతి. ఇక్కడ మాత్రం నేను గట్టిగా చెబుతాను. మీరు పంపిన ఒక బిల్లు చూడండి. ఆదివారం పొద్దున నాలుగు పెసరట్టు ఉప్మాలు. కొట్టు దగ్గర ప్లేటు 60, అంటే 240 అయ్యేది. అదే కొట్టు యాప్‌లో ప్లేటు 75. దాని మీద ప్యాకింగ్, డెలివరీ, ప్లాట్‌ఫామ్ ఫీజు, జీఎస్టీ కలిసి 395 అయింది. కొట్టు మీ ఇంటికి నడిచి వెళ్లేంత దూరంలోనే ఉందని మీరే రాశారు. 155 రూపాయలు ఎక్కువ కట్టి, చల్లారి మెత్తబడిన పెసరట్టు తిన్నారు. కొట్టు ఆయనకీ ఆ 75లో కమీషన్ పోను మిగిలేది కొంతే. ఎవరికైనా ఒంట్లో బాగోలేకపోతేనో, కుండపోత వానలోనో యాప్ అక్కరకొస్తుంది. దానికని నెలకు 1,000 ఉంచుకోండి. మిగిలిన 2,400 ఇటు తిప్పుదాం.

ఎందుకంటే మీ ఇంట్లో అసలు లోటు ఇంకోచోట ఉంది. మీరు రాసిన వివరాల ప్రకారం అత్యవసర నిధి 40,000 మాత్రమే. ఇంటి లోన్ ఈఎంఐ 17,000, ఫీజులు, సరుకులు, అత్తగారి మందులు లాంటి ఆపలేని ఖర్చులు నెలకు 42,000 దాకా ఉన్నాయి. ఏ కారణంగానైనా జీతాలు ఆగితే ఆ 40,000తో నెల కూడా గడవదు. హెల్త్ ఇన్సూరెన్స్ చూస్తే కంపెనీ ఇచ్చిన 3 లక్షల పాలసీ ఒక్కటే ఉంది. ఉద్యోగం మారిన రోజు అదీ ఉండదు. నాకు దిగులు కలిగించింది ఈ రెండే.

అందుకని ముందు మీ దంపతులకి, పిల్లలకి కలిపి 10 లక్షల ఫ్యామిలీ ఫ్లోటర్ పాలసీ తీసుకోండి. వ్యక్తిగత హెల్త్ పాలసీల మీద 2025 సెప్టెంబర్ 22 నుంచి జీఎస్టీ లేదు కాబట్టి ఇదివరకటి కంటే భారం తగ్గింది. నెలకు 2,000 దాకా పక్కన పెట్టగలిగితే మీ వయసుకి సరిపోవచ్చు, రెండు మూడు కంపెనీల కొటేషన్లు తీసుకుని చూసుకోండి. అత్తగారికి షుగర్ ఉందని రాశారు కాబట్టి ఆవిడని ఇదే పాలసీలో కలపొద్దు, విడిగా చూడాలి. షుగర్ సంగతి ఫారంలో దాచొద్దు. దాస్తే క్లెయిమ్ రోజున ఇబ్బంది పడేది మీరే.

ఫ్రిజ్, ఫోన్ ఈఎంఐలు 4,800 అయిదు నెలల్లో తీరిపోతాయి. అప్పుడు ఆ డబ్బు కొత్త వస్తువు మీదకి పోకుండా నేరుగా రికరింగ్ డిపాజిట్‌కి వెళ్లాలి. యాప్‌లో మిగిలే 2,400, ఆరో నెల నుంచి ఈ 4,800, ఇందులోంచి ప్రీమియం తీసేస్తే ఏడాదికి 38,400 నిలుస్తుంది. మీ లక్ష రూపాయల చీటీ ఎనిమిది నెలల్లో పూర్తవుతోంది. మధ్యలో పాడుకోకుండా చివరిదాకా ఆగితే కమీషన్ పోను 95,000 దాకా వస్తుంది. ఇప్పుడున్న 40,000తో కలిపితే ఏడాది తిరిగేసరికి మీ చేతిలో 1,73,000 పైన ఉంటుంది. నాలుగు నెలల ఖర్చుకి అది చాలు. సిప్ ఇప్పుడున్న 5,000 అలాగే సాగనివ్వండి, ఏడాది తర్వాత పెంచుదాం. పాప సుకన్య ఖాతాలో నెల నెలా వేస్తున్న 3,000 మాత్రం 5వ తేదీ లోపు వేయండి. 5వ తేదీ ముగిసినప్పటి నుంచి నెలాఖరు దాకా ఉన్న కనిష్ఠ నిల్వ మీదే వడ్డీ కడతారు. మీరు 10న, 12న వేస్తున్నారు, ఆ డబ్బుకి ఆ నెల వడ్డీ పోతోంది.

ఇదంతా చేస్తూ 3,900 మీద చేయి పెట్టలేదని గమనించారా? దానికి ఒక హద్దు మాత్రం పెట్టండి. మీ యూపీఐ యాప్‌లోనే చిన్న పర్సులా ఉండే యూపీఐ లైట్‌లో వారానికి 900 వేసుకోండి. బళ్ల దగ్గర, టిఫిన్ కొట్టు దగ్గర అందులోంచే కట్టండి. పిన్ కొట్టే పని ఉండదు, బ్యాంకు స్టేట్‌మెంట్‌లో వారానికి ఒక్క ఎంట్రీనే పడుతుంది. శనివారానికి 900 అయిపోతే ఆదివారం ఇంట్లోనే పెసరట్టు. మిగిలితే వచ్చే వారానికి కలుస్తుంది. మీ బాబు ఎనిమిదో తరగతి కదా, ఈ లెక్క వాడికి అప్పజెప్పండి.

మన జిల్లాల్లో తిండి ఖర్చు నెల నెలా ఒకేలా ఉండదు. వేసవిలో ముంజలు, మామిడిపళ్లు, వానల్లో మొక్కజొన్న పొత్తులు, చలికాలంలో తేగలు. గోదావరికి ఎర్రనీరు వచ్చిందంటే పులస. పుస్తెలమ్మైనా పులస తినాలనే ఊళ్లో ఆ నెల లెక్క తప్పకుండా ఉంటుందా? మీ ఆగస్టు స్టేట్‌మెంట్‌లో ఒకే రోజు 4,500 అలా వెళ్లింది, దాన్ని క్రెడిట్ కార్డు నుంచి తీశారు. అది మాత్రం మళ్లీ చేయొద్దు. స్వీట్లు, పచ్చళ్లకి వెళ్తున్న 1,300లోంచి నెలకు 400 విడిగా తీసి ఉంచండి. వరదల కాలం వచ్చేసరికి పులసకి డబ్బు సిద్ధంగా ఉంటుంది. ఒడిశా, బెంగాల్ వైపు నుంచి వచ్చిన చేపని కూడా ఇక్కడ పులస అని అమ్ముతుంటారు కాబట్టి, అంత పెట్టి కొనేటప్పుడు తెలిసిన పడవ వాళ్ల దగ్గరే తీసుకోండి. అత్తగారికి బజ్జీల బదులు ఏం బాగుంటుందో డాక్టర్‌ని అడగండి. గట్టు మీదకి మాత్రం ఆవిడని తీసుకెళ్లడం మానొద్దు.

పళ్ల బండి ఆవిడ విషయం. మీకు అత్యవసర నిధే సరిగ్గా లేనప్పుడు అందులోంచి 10,000 తీసి ఇవ్వమని నేను చెప్పలేను. అయితే ఆవిడ ఎందుకు అడిగిందో అర్థం చేసుకోవాలి. బళ్ల వాళ్లలో చాలామంది డైలీ ఫైనాన్స్ మీద బతుకుతారు. కాగితం మీద 10,000, చేతికిచ్చేది 8,500, రోజుకు 100 చొప్పున వంద రోజులు కట్టాలి. అసలు రోజూ తగ్గుతూ వస్తుంది కాబట్టి ఏడాది లెక్కన ఆ వడ్డీ నూటికి నూరు దాటుతుంది. ఎండలో రోజంతా నిలబడి సంపాదించింది అక్కడికే పోతుంది.

ఆవిడకి పీఎం స్వనిధి గురించి చెప్పండి. వీధి వ్యాపారుల కోసం 2020లో మొదలైన పథకం, 2030 మార్చి దాకా పొడిగించారు. పూచీకత్తు లేకుండా మొదటి విడత 15,000 దాకా బ్యాంకు ఇస్తుంది, అది సకాలంలో తీరిస్తే రెండోసారి 25,000, ఆ తర్వాత 50,000. వాయిదాలు సరిగ్గా కడితే 7 శాతం వడ్డీ రాయితీ ఆవిడ ఖాతాలోనే పడుతుంది. మున్సిపాలిటీ ఇచ్చిన వీధి వ్యాపారి గుర్తింపు కార్డు గానీ, సిఫార్సు లేఖ గానీ ఉండాలి. అవి లేకపోతే మున్సిపల్ ఆఫీసులో మెప్మా (పట్టణ పేదరిక నిర్మూలన సంస్థ) వాళ్లని కలవాలి. మీరు టీచర్, ఫారం నింపడం, ఆధార్‌కి ఫోన్ నంబరు కలిపి ఉందో లేదో చూడడం మీకు ఒక సాయంత్రం పని. 10,000 ఇవ్వడం కన్నా ఆవిడకి అది ఎక్కువ మేలు చేస్తుంది.

లోన్ వచ్చేలోగా ఎంతో కొంత ఇవ్వాలని మీకనిపిస్తే, తిరిగి రాకపోయినా బాధపడనంత మొత్తం, 2,000 లోపు ఇవ్వండి. పళ్లలో పట్టుకుంటామని మాత్రం అనకండి. తెల్లారి మార్కెట్‌లో సరుకు ఎత్తడానికి ఆవిడ చేతిలో నగదు ఉండాలి. ఏ రోజు పళ్లకి ఆ రోజే డబ్బిచ్చేయండి, అప్పు విడిగా తీర్చమనండి.