యానాదుల పక్షాన నిలిచిన రాఘవయ్యగారు

ప్రశ్న: యానాదుల హక్కుల కోసం పాటుపడిన వెన్నెలకంటి రాఘవయ్యగారు కేవలం సంఘసేవకులా, రాజకీయాల్లోనూ ఉన్నారా? ఆనాటి నేరజాతుల చట్టం యానాదులను ఏ విధంగా బాధించింది?
– ఒక పాఠకురాలు, గూడూరు

జవాబు: ఆయన రెండు రంగాలలోనూ ఉన్నారమ్మా. నెల్లూరు జిల్లాకు చెందిన ఈ గాంధేయవాది స్వాతంత్ర్యోద్యమంలో పాల్గొని, మద్రాసు శాసనసభ సభ్యులుగా కూడా పనిచేశారు.

ఇక చట్టం సంగతి. 1871లో ఉత్తర భారతంలో మొదలైన నేరజాతుల చట్టాన్ని 1911లో మద్రాసు రాష్ట్రానికీ విస్తరింపజేశారు. ఏ నేరమూ చేయకపోయినా, ఫలానా కులంలో పుట్టినందుకే మనిషి పేరును పోలీసు రిజిస్టరులో ఎక్కించి, వేలిముద్రలు తీసుకుని, చెప్పిన వేళకు హాజరు పలకమనేవారు. చేలకు కాపలా కాస్తూ, ఎలుకలు పట్టి పంటను కాపాడుతూ, వాగుల్లో చేపలు పట్టుకుని బతికే యానాదులలో కొందరికి ఈ ముద్ర పడడం, కూలి కోసం పక్క ఊరికి పోవడానికి కూడా అనుమతి అడగవలసి రావడం నా దృష్టిలో ఘోరమైన అన్యాయం. నెల్లూరు జిల్లాలోని కావలిలోనే ఆ చట్టం కింద సెటిల్మెంటు, అంటే నేరజాతులుగా ముద్రపడినవారిని నిర్బంధంగా ఉంచే కాలనీ నడిచింది, అక్కడ ఎక్కువగా ఎరుకలవారిని ఉంచారు.

రాఘవయ్యగారు యానాదులను సంఘంగా కూడగట్టి, ఈ చట్టం రద్దు కావాలని ఏళ్ల తరబడి పట్టుబట్టారు. యానాదుల మీద, సంచారజాతుల మీద ఇంగ్లీషులో గ్రంథాలు కూడా రాశారు. మద్రాసు రాష్ట్రంలో 1947లో, దేశమంతటా 1952లో ఆ చట్టం రద్దయింది. 1973లో ఆయనను పద్మభూషణ్ వరించింది.